కక్షలున్న ఊళ్లో రాజీకి ఏ దారి పట్టాలి

కర్నూలులో ఒక వకీలు దగ్గర 22 ఏళ్లు గుమస్తాగా చేశాను. ఫ్యాక్షన్ కేసుల కట్టలు మోసి మోసి నా ఎడమ భుజం కిందికి జారిందని ఇంట్లో ఎగతాళి చేస్తుంటారు. పని మానేసినా ఫోన్లు మాత్రం ఆగలేదు. మా పక్క ఊళ్ల కుర్రాళ్లు అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, రెండు వర్గాలూ అలిసిపోయినాయి. రాజీ కావాలంటున్నారు. పెద్దమనుషుల్ని కూర్చోబెడితే సరిపోతుందా, స్టేషన్‌లో రాసుకోవాలా, లోక్ అదాలత్‌కు పోవాలా?"

ఫోన్లో సగమే చెప్పగలను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఈ దారుల్లో ఏదీ ఒంటరిగా చాలదు. ఒకటి రేపు జరగబోయే హత్యను ఆపుతుంది, ఇంకొకటి కేసు మూయిస్తుంది, మరొకటి ఊరు విడిచినవాళ్లను వెనక్కి తెస్తుంది. ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే. ఈ పద్ధతిలో పోతే ఎవరు బయట మిగిలిపోతారు? గొడవ మళ్లీ రాజుకునేది ఆ మిగిలినవాళ్ల ఇంట్లోనే. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

పత్తికొండ వైపు ఒక ఊరు, పేరు వద్దు. రెండు పక్కలా చెరొక హత్య, అటూ ఇటూ కలిపి 11 కేసులు. ఇరవై కుటుంబాలు ఊరు వదిలి ఆదోనిలో, గుంతకల్లులో బాడుగ ఇళ్లలో ఉన్నాయి. చివరికి ఇద్దరు పెద్దలూ ఆంజనేయస్వామి గుడి ముందు కూర్చున్నారు. స్టాంపు పేపరు మీద టైపు చేయించి తీసుకుపోయింది నేనే. కొబ్బరికాయ కొట్టారు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఫోటో దిగారు, యాటను కోసి ఊరందరికీ భోజనాలు పెట్టారు. సాయంత్రం బస్సు కోసం రచ్చకట్ట దగ్గర నిలబడి ఉంటే ఒకామె వచ్చింది. చనిపోయిన ఇద్దరిలో ఒకాయన భార్య.

"రాజీ అయినారంట గదా నాయనా. నన్ను ఎవురూ అడగలేదే" అంది. కోపం లేదు ఆ గొంతులో. రేషన్ బియ్యం వచ్చినాయా అని అడిగినట్టే అడిగింది. నేను బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడ్డాను.

పద్నాలుగు నెలలు గడిచాయి. బోరు మోటారు దగ్గర మాటామాటా పెరిగి ఆమె కొడుకు కొడవలి తీశాడు. అవతలి పిల్లాడి కుడిచేతికి మూడు వేళ్లు పోయాయి. అది పన్నెండో కేసు.

పెద్దమనుషుల రాజీ

దీన్ని నేను తీసిపారేయను. రేపో ఎల్లుండో తల తెగుతుందన్న టెన్షన్ ఉన్నప్పుడు ఇంత వేగంగా పనిచేసేది ఇంకొకటి లేదు. వర్గంలో కిందివాడు పెద్దాయన మాట లేకుండా చెయ్యి ఎత్తడు. కాబట్టి పెద్దాయన వద్దంటే ఆ రాత్రికే ఆగుతుంది. ఈ అలవాటు మా సీమలో పాతది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు వదిలేసినప్పుడు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైంది కూడా పాళెగాళ్ల పెత్తనమే. చట్టం దూరం, పెద్దాయన దగ్గర. ఆ తీరు పూర్తిగా పోలేదు.

కష్టమేమంటే, ఈ రాజీ నిలబడేది ఇద్దరు పెద్దల అవసరం మీద. ఇద్దరూ ఒకే పార్టీలోకి వచ్చారనో, ఒక కాంట్రాక్టులో వాటా కుదిరిందనో రాజీ పడితే, పార్టీ మారిన రోజు రాజీ కూడా మారుతుంది. పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే మా ఆఫీసులో కొత్త ఫైళ్లకు అట్టలు ముందే తెచ్చి పెట్టుకునేవాళ్లం. అంత ఖాయం.

ఇంకొకటి, ఆ కాగితం మీద సంతకాలు రెండే. మొగుణ్ణి పోగొట్టుకున్నామె, జైల్లో నాలుగేళ్లున్న కూలివాడు, ఊరు విడిచి మగ్గం గుంటలో కూర్చున్నవాడు అందులో ఉండరు. కొన్ని చోట్ల పోయిన తలకింత అని లెక్కకట్టి డబ్బు ఇప్పిస్తారు. ఆ డబ్బు కూడా పెద్దాయన చేతి మీదుగానే పోతుంది. దారిలో ఎంత కరిగిందో ఎవరూ అడగరు.

ప్రమాణాల సంగతీ అంతే. దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరానికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు పాలబాస చేస్తారు. పాలు ముట్టుకుని, ఉత్సవం అయ్యేదాకా కక్షలు పక్కన పెట్టి ఒక్కటిగా ఉంటామని ఒట్టు వేసుకుంటారు. ఒట్టును నిలబెట్టుకుంటారు కూడా. దానికి గడువు ఉంది మరి, ఉత్సవం ముగిసేదాకానే. మన గుడి ముందు రాజీలకు గడువు రాయం గానీ, వాటికీ ఉంటుంది.

ఇది ఒక్క సీమ రోగం కాదు. మిజోరంలో 1986 జూన్ 30న తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగాతో కుదిరిన ఒప్పందం ఈరోజుకీ నిలిచి ఉంది. ఆయుధం పట్టిన ప్రధాన సంస్థే బల్ల దగ్గర కూర్చుంది, మరుసటి ఏడే మిజోరం రాష్ట్రమైంది. అదే ఈశాన్యంలో, అస్సాంలోని బోడో గిరిజనుల ఒప్పందం చూడండి. 1993లో ఒకటి, 2003లో ఇంకొకటి, 2020లో మూడోది. మొదటిసారి విద్యార్థి సంఘంతో రాసుకున్నారు, తుపాకులున్నవాళ్లు బయట ఉన్నారు, సరిహద్దు కూడా తేలలేదు. రెండోసారి ఒక సాయుధ సంస్థ లోపలికి వచ్చింది, ఇంకొకటి బయటే ఉండిపోయింది. ప్రతిసారీ బయట ఉన్నవాళ్ల కోసం మళ్లీ బల్ల వేయాల్సి వచ్చింది.

పోలీసుల దారి

స్టేషన్‌కు పిలిచి కౌన్సెలింగ్ చేయడం, ఊళ్లో పికెట్, అంటే పోలీసు కాపలా పెట్టడం, బైండోవర్ చేయడం. బైండోవర్ అంటే గొడవ చేయనని తహశీల్దారు ఎదుట పూచీకత్తు రాసివ్వడం. పాత చట్టం సీఆర్‌పీసీలో అది సెక్షన్ 107, 2024 జులై 1 నుంచి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 126. గరిష్ఠంగా ఏడాది పాటు ఉంటుంది. మాట తప్పితే పూచీ డబ్బు పోతుంది, జైలుకూ పంపవచ్చు.

నా దృష్టిలో దీన్ని రాజీ అనకూడదు. రాజీకి కావలసిన సమయం కొనుక్కోవడం ఇది. ఆ ఏడాదిలో ఏ మాటలూ నడవకపోతే ఏడాది తర్వాత అదే చోట నిలబడి ఉంటారు. రెండు వైపులా సమానంగా చేయించుకోండి. ఒక వర్గంలో పదిమందిని, ఇంకో వర్గంలో ఇద్దరిని బైండోవర్ చేస్తే ఎస్సై ఎవరివైపు ఉన్నాడో ఊరికి అర్థమైపోతుంది, ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా చెవికెక్కదు.

పోలీసులు ఇంకో రకంగా పనికొచ్చిన ఊరు కప్పట్రాళ్ల. 2008 మే నెలలో అక్కడి గ్రామ నాయకుడితో పాటు మొత్తం 11 మందిని ఒకే దాడిలో చంపేశారు. తర్వాతి కాలంలో కర్నూలు ఎస్పీగా వచ్చిన ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. లాఠీ పట్టుకుని రావడం వేరు, ఊరి పనులు పట్టించుకుంటూ మళ్లీ మళ్లీ రావడం వేరు. ఇందులో చిక్కు ఒకటే, అధికారికి బదిలీ ఉంటుంది, ఊరికి ఉండదు.

కేసులను మూడు కట్టలు చేయండి

ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. "రాజీ అయిపోయింది, కేసులన్నీ కొట్టేయించండి" అని వస్తారు. అన్నీ కొట్టేయించడం ఎవరి చేతిలోనూ లేదు. కేసుల జాబితా ముందేసుకుని మూడు కట్టలు కట్టండి.

మొదటి కట్టలో చిన్న దెబ్బలు, తిట్లు, బెదిరింపులు, ఇంటిమీదికి రావడం లాంటివి. దెబ్బతిన్నవాడు సరేనంటే ఇవి కోర్టులో రాజీ చేసుకోవచ్చు. ఎముక విరిగిన గాయం లాంటి కొన్నింటికి జడ్జి అనుమతి కూడా కావాలి. ఈ కట్టకు లోక్ అదాలత్ చాలా బాగా పనికొస్తుంది. ఫీజు లేదు, తీర్పు మీద అప్పీలు లేదు. పొలం గట్టు, దారి, బావి వాటా లాంటి సివిల్ తగాదాలూ ఇందులోనే పెట్టండి. దావాకు కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కేసు వేయకముందే ప్రీ లిటిగేషన్ కింద పెట్టుకునే వీలూ ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

రెండో కట్టలో ఆయుధంతో చేసిన గాయాలు, కొన్ని హత్యాయత్నం కేసులు. కింది కోర్టులో ఇవి రాజీకి రావు. హైకోర్టుకు పోయి కొట్టేయమని అడగవచ్చు. ఇస్తుందా లేదా అన్నది గాయం ఎక్కడ తగిలింది, ఏ ఆయుధం వాడారు, రాజీ నిజమైనదేనా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. హత్య, అత్యాచారం, బందిపోటుతనం లాంటివాటిని రాజీ పడ్డామని కొట్టేయకూడదు.

ఆ గీత అవతల ఉన్నది మూడో కట్ట. హత్యలు అందులోవే. నాటు బాంబుల కేసులను, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింది కేసులను కూడా రాజీ కట్టలో వేయకండి.

మరి ఊళ్లలో హత్య కేసులు ఎలా "రాజీ" అవుతున్నాయి? సాక్షులు బోనెక్కి "నేను చూడలేదు సార్, పోలీసులు సంతకం పెట్టించుకున్నారు" అంటారు. హోస్టైల్ అంటాం కోర్టులో. కేసు కొట్టేస్తారు. నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఒకసారి మాత్రం మరచిపోను. చెప్పాల్సింది మర్చిపోయి ఒక ముసలాయన బోనులోంచే తన వర్గం పెద్ద వైపు తిరిగి "ఏమనమంటివి రెడ్డీ?" అని అడిగాడు. కోర్టు హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. బయట వరండాలో, పోయినవాడి కూతురు చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది.

అబద్ధపు సాక్ష్యం నేరం. ఆ సంగతి అటుంచి, రాజీ లెక్కలోనే అది నష్టం. చంపినవాడు తప్పించుకున్నాడన్న మాట పోయినవాడి ఇంట్లో అలాగే ఉండిపోతుంది. నా సలహా, హత్య కేసును రాజీ కాగితంలోకి తేవద్దు. "ఆ కేసు కోర్టు తేల్చాలి, ఏం తేల్చినా రెండు వర్గాలూ ఒప్పుకుంటాయి, సాక్షుల జోలికి ఎవరూ పోరు" అని ఒక్క వాక్యం రాయండి. చాలామంది పెద్దలు ఈ వాక్యం దగ్గరే లేచిపోతారు. లేచిపోతే, వాళ్లు దేనికోసం వచ్చారో ముందే తెలిసిందనుకోండి.

పోయినవాడి కుటుంబానికి డబ్బు సంగతి వస్తే, పెద్దాయన చేతి మీదుగా వచ్చేదానికంటే బాధితుల పరిహార పథకం కింద న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టించండి. ఆమె పేరు మీదే వస్తుంది, ఎవరికీ తలవంచాల్సిన పని లేదు.

2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఇలాంటి ఊరి తగాదాలకు ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్ అని ఒక అధ్యాయం రాశారు. మొదట అమల్లోకి తెచ్చిన సెక్షన్లలో ఆ అధ్యాయం లేదు. పైగా అందులో కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీలా అమలు కాదని చట్టంలోనే ఉంది. దాన్ని నమ్ముకుని ఆగవద్దు.

మతం పేరుతో వచ్చే గొడవలకు

వర్గ కక్షకు పనికొచ్చేది ఇక్కడ పనికిరాదు. వర్గానికి పెద్ద ఉంటాడు, ఆయన ఆపితే ఆగుతుంది. ఊరేగింపు మీద రాయి విసిరేవాడికి పెద్ద ఉండడు, వాట్సాప్ ఉంటుంది.

వినాయక నిమజ్జనానికి ముందు, పీర్ల పండుగకు ముందు స్టేషన్‌లో శాంతి కమిటీ మీటింగ్ పెడతారు. టీ, బిస్కెట్, అవే ఇరవై మొహాలు. పండుగ గడవడానికి చాలు. అంతకుమించి కావాలంటే భివండి చూడాలి. మహారాష్ట్రలో 1984లో ఘోరమైన అల్లర్లు జరిగిన పట్టణం అది. 1988 నుంచి అక్కడ సురేష్ ఖోపడే అనే పోలీసు అధికారి మొహల్లా కమిటీలు పెట్టించారు. నాయకులను కాకుండా వీధిలో ఉండే మామూలు హిందువులను, ముస్లింలను కలిపి కూర్చోబెట్టారు. కుళాయి నీళ్ల తగాదా నుంచి పిల్లల గొడవ దాకా పండుగతో సంబంధం లేకుండా ఏడాది పొడుగునా మాట్లాడించారు. 1992 డిసెంబరు, 1993 జనవరిలో పక్కనే ముంబయి తగలబడుతుంటే భివండి ప్రశాంతంగా ఉంది.

మాకు ఆ అవసరం లేదు, మేం ముందు నుంచీ కలిసే ఉన్నాం అంటారు మావాళ్లు. నిజమే. ఉగాది రోజు దేవుని కడపలో వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అని. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి దగ్గర మొహర్రం హిందువులదీ ముస్లింలదీ. గర్వపడాల్సినదే. కానీ పల్లెలో సరిపోయే పలకరింపు బంధం పట్టణంలో పుకారు లేచిన రాత్రి సరిపోదు. మత గొడవల మీద దేశంలోని నగరాలను జతలుగా పోల్చి చూసిన పరిశోధకుడు అశుతోష్ వార్ష్ణేయ తేల్చింది కూడా ఇదే. వ్యాపార సంఘం, కార్మిక సంఘం లాంటి కలిసి బతికే సంఘాలున్న చోట గొడవ నిలువలేదు. ఆదోనిలో నన్నడిగితే, శాంతి కమిటీకి మనుషులను పత్తి మార్కెట్ నుంచి తెమ్మంటాను. హమాలీలు, కమిషన్ వ్యాపారులు, ఆటోవాళ్లు. మార్కెట్ మూతపడితే రెండు వైపులా పొయ్యి వెలగదు, ఫోన్ రాగానే పరుగెత్తుకొచ్చేది వాళ్లే.

బయటి దేశాల నుంచి ఎంత తెచ్చుకోవచ్చు

ఉత్తర ఐర్లండ్‌లో ప్రొటెస్టెంట్లు, కాథలిక్కుల మధ్య 30 ఏళ్లలో సుమారు 3,500 మంది చనిపోయారు. 1998 ఏప్రిల్ 10న ఒప్పందం, మే నెలలో జనం ఓటు, 71 శాతం సరేనన్నారు. ఆగస్టులోనే ఒమా పట్టణంలో బాంబు, 29 మంది పోయారు. అయినా ఒప్పందం చిరగలేదు. నాకు అక్కడ నచ్చింది వాళ్ల ఓపిక. కాథలిక్కుల వైపు సాయుధ సంస్థ ఐఆర్ఏ ఆయుధాలు పూర్తిగా పక్కన పెట్టేసరికి 2005 వచ్చింది. అదీ శత్రువు చేతికి ఇవ్వలేదు, కెనడా జనరల్ ఒకాయన నడిపిన బయటి కమిషన్ ఎదుట చేశారు. పోలీసు శాఖ పేరు మార్చి, కొత్త ఉద్యోగాల్లో సగం కాథలిక్కులకు ఇచ్చారు. ఇన్ని చేసినా రెండు పేటల మధ్య కట్టిన గోడలు చాలాచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. మీ ఊళ్లో ఆరు నెలలకే అందరూ అలాయ్ బలాయ్ అనుకోవాలని ఆశపడేవాళ్లకు ఈ గోడల సంగతి చెప్పండి.

మనకు దగ్గరగా కనిపించేది రువాండా. 1994లో హుటూ వర్గం టుట్సీలను ఊచకోత కోసిన నరమేధం తర్వాత జైళ్లు పట్టక, ఊరివాళ్లే ఎన్నుకున్న జడ్జీలతో గచాచా కోర్టులు పెట్టారు. గడ్డి మీద కూర్చుని చేసే పంచాయితీ, మన రావికట్ట లాంటిది. 2012లో మూసేసేనాటికి 19 లక్షలకు పైగా కేసులు చూశాయి. అందరి ముందు పోయినవాళ్ల ఇంటివాళ్లు మాట్లాడారు, చంపినవాళ్లు శవం ఎక్కడ పూడ్చారో చెప్పారు. గెలిచిన పక్షం చేసిన హత్యలు మాత్రం ఆ గడ్డి మీదికి రాలేదు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల వర్ణవివక్ష పాలన పోయాక, అప్పటి నేరాల మీద వేసిన డెస్మండ్ టూటూ కమిషన్ నిజమంతా చెబితేనే క్షమాభిక్ష అంది. 7,112 మంది అడిగితే 849 మందికే ఇచ్చింది.

ఇవి చదివి మనూళ్లో కూడా "అందరూ నిజం ఒప్పుకోండి" అని మీటింగ్ పెట్టాలని ఒక కుర్రాడు ఉత్సాహపడ్డాడు. వద్దన్నాను. అక్కడ చెప్పినవాడికి చట్టం రక్షణో, శిక్షలో తగ్గింపో ఇచ్చింది. ఇక్కడ ఏదీ లేదు. రచ్చకట్ట మీద ఒప్పుకున్న మాట రేపు హత్య కేసులో సాక్ష్యంగా రావచ్చు. కేసు నడుస్తున్నంతకాలం పోగొట్టుకున్నవాళ్లు మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి, అంతే. నాటు బాంబులు అప్పజెబుతామని వచ్చినా ముందు వకీలును కలవమనండి.

ఇప్పుడు మీ ఊరి సంగతి. నెత్తురు పచ్చిగా ఉంటే బైండోవర్, పికెట్ ముందు, రాజీ మాట తర్వాత. ఏడాది రెండేళ్లుగా కొట్లాట లేక కేసులే మిగిలి ఉంటే కట్టలు కట్టి లోక్ అదాలత్ నుంచి మొదలుపెట్టండి. ఎన్నికలు మూడు నెలల్లో ఉంటే ఏదీ మొదలుపెట్టవద్దు, ఎవరు ఏం ఒప్పుకున్నా నమ్మలేం. మాటలకు మంచి కాలం శనక్కాయల పంట ఇంటికొచ్చాక. చేతిలో నాలుగు డబ్బులుంటాయి, మనిషి కాస్త మెత్తబడతాడు.

పత్తికొండ వైపు ఊళ్లో రెండోసారి రాజీ ఏడు నెలలు పట్టింది. గుడి ముందు ఫోటో లేదు. హత్య కేసులు రెండూ కోర్టుకు వదిలేశారు, తొమ్మిది కేసులు లోక్ అదాలత్‌లో పోయాయి, వేళ్లు పోయిన కేసు హైకోర్టుకు వెళ్లింది. ఈసారి ఆ తల్లి ఇంటికి ముందు పోయి అడిగాం. ఆమె డబ్బు అడగలేదు. తొమ్మిదేళ్లుగా బీడు పడిన నాలుగెకరాలు దున్నే రోజు అవతలి వర్గం పెద్ద వచ్చి గట్టు మీద నిలబడాలి. బిడ్డ పెండ్లికి మెరవణి వాళ్ల వీధిలోంచి పోవాలి. ఈ రెండే.

దున్నిన రోజు పెద్దాయన రాలేదు, తమ్ముణ్ణి పంపాడు. ఆమె ఒప్పుకుంది. పెండ్లి మెరవణి రాత్రి పది దాటాక ఆ వీధిలోకి తిరిగింది. మొదటి రెండు ఇళ్లు తలుపులు వేసుకున్నాయి. మూడో ఇంటి అరుగు మీద ఎవరో కడవతో నీళ్లు, రెండు చెంబులు పెట్టి లోపలికి పోయారు. డప్పు కొట్టేవాళ్లు తాగారు.